ఆరు నెలల షికారు

ఉగాది వెళ్లాక విమానం ఎక్కుతారు. దసరా నాటికి తిరిగి వచ్చేస్తారు. ఈలోగా ఇంగ్లండు చూడాలి. మనవలతో మళ్లీ కలిసేదాకా సరిపోయేంత ఆడుకోవాలి. తిరువూరు పక్కన ఎ.కొండూరు లాంటి ఊళ్ల నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల ప్రయాణం ఇది.

జూన్ నెల. శనివారం. తెల్లారి గంట దాటినా వీధి వీధంతా ముసుగుతన్ని పడుకునే ఉంది. ఒక్క వంటింట్లో మాత్రం తాలింపు చిటపటలాడుతోంది. ఇంగువ వాసన పొరుగింటికి పోతుందని కోడలు కిటికీ మూసింది. మూయగానే పొగను పసిగట్టే అలారం కుయ్యోమంది. అత్తగారు మాట్లాడకుండా వెళ్లి కిటికీ మళ్లీ తెరిచింది. పెద్ద బేసిన్‌లో పులిహోర, డబ్బాలో పెరుగన్నం, రేకులో చుట్టిన చపాతీలు, ఫ్లాస్కు నిండా టీ. వీటితోపాటు నాలుగు గొడుగులు, ఆరు స్వెట్టర్లు కూడా కారెక్కాయి. ఇంగ్లండులో ఎండ కాస్తోందంటే వాన దారిలో ఉన్నట్టే లెక్క మరి.

ఈ ఇల్లు ఎవరిది? ఎ.కొండూరు వారిదే అనుకోండి. విస్సన్నపేట వారిదో, మైలవరం వారిదో అనుకున్నా పెద్ద తేడా ఉండదు. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కోడలు ఆసుపత్రిలో ఉద్యోగం, పదేళ్ల పాప, ఆరేళ్ల బాబు. లండన్‌కు పశ్చిమాన, రైల్లో అరగంట దూరంలో ఉన్న రెడింగ్‌లో కాపురం. రాసేటప్పుడు ‘చదవడం’ అన్న మాటకున్న స్పెల్లింగే, పలికేది మాత్రం రెడింగ్. తాతయ్య దాన్ని ఒక పట్టాన ఒప్పుకోలేదు. రాసిందొకటి, చదివేదొకటా అని ఆయన అభ్యంతరం.

రెండు కొండూర్లు

అలాగని ఊరి పేర్ల తిరకాసు ఆయనకు కొత్తేమీ కాదు. విజయవాడ నుంచి తిరువూరు వెళ్లే దారిలో ముందు జి.కొండూరు వస్తుంది. మైలవరం దాటాక ఎ.కొండూరు. అట్లప్రగడ కొండూరు కాస్తా పొడి అక్షరంతో ఎ.కొండూరైంది. ఉత్తరం ఒక ఊరికి రాస్తే ఇంకో ఊరికి చేరిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. ఇంగ్లండులోనూ అదే తంతు. టైన్ నది ఒడ్డున ఒక న్యూకాజిల్, స్టాఫర్డ్‌షైర్‌లో ఇంకో న్యూకాజిల్. పక్కన తోక తగిలిస్తే తప్ప ఏది ఏదో తెలియదు. కొడుకు ఈ సంగతి చెప్పాకే తాతయ్యకు ఆ దేశం మీద కాస్త నమ్మకం కుదిరింది.

కృష్ణా జిల్లా అనగానే అందరికీ పచ్చటి డెల్టా కళ్లకు కడుతుంది. 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన తిరువూరు ప్రాంతం అలా ఉండదు. ఇది మెట్ట. మామిడి తోటలు, పత్తి, మిరప. వానను నమ్ముకునే సేద్యం. ఎ.కొండూరు మండలం పేరు పత్రికల్లో ఎక్కువగా కనిపించేది మాత్రం ఇంకో కారణంతో. ఇక్కడి తండాల్లో మూత్రపిండాల జబ్బులు ఏళ్ల తరబడి మనుషుల్ని పీడిస్తున్నాయి. అందుకే ఈ మండలం నుంచి వెళ్లినవాళ్లు ఎక్కడికెళ్లినా ముందు చూసేది నీళ్లు.

రెడింగ్ ఇంట్లో కోడలు వంటింటి కుళాయి తిప్పి గ్లాసుతో పట్టి ఇచ్చింది. కాచలేదు, వడపోయలేదు, డబ్బా కొనలేదు. తాతయ్య గ్లాసును వెలుగుకెత్తి చూసి, ఒక గుక్క తాగి, మిగతాది పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. నాలుగు రోజులకు కెటిల్ అడుగున తెల్లటి పొర కట్టింది. నాయనమ్మకు గుండె గుభేలుమంది. థేమ్స్ లోయలో సుద్దరాయి నేల కాబట్టి నీళ్లలో సున్నం ఎక్కువనీ, దానివల్ల భయం లేదనీ కొడుకు నచ్చజెప్పాల్సి వచ్చింది.

సూట్‌కేసు రాజకీయాలు

షంషాబాద్‌లో విమానం ఎక్కితే పది గంటల్లో హీత్రూ. అసలు ప్రయాణం అంతకు నెల ముందే మొదలవుతుంది. ఆవకాయ, గోంగూర, కారప్పొడి, కందిపొడి, అరిసెలు, జంతికలు... అన్నీ తూకం వేసి సర్దాలి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి బ్రిటన్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే ఇంట్లో కాచిన నెయ్యి, పాలకోవా ఇక్కడే దిగిపోవాలి. ధ్రువపత్రం లేనిదే మామిడిపండ్లకూ దారి లేదు. సొంత తోట ఉన్న మనిషి వట్టి చేతులతో మనవల దగ్గరికి వెళ్లాలి. అక్కడికి వెళ్లాక, అవే పండ్లు ఇండియన్ దుకాణంలో పెట్టెల్లో కనిపిస్తాయి. ధర చూసి వందతో హెచ్చవేస్తారు, పైన ఇంకొంత కలుపుతారు. పెట్టె మెల్లగా కింద పెట్టేస్తారు.

సందర్శకుల వీసా మీద వెళ్లినవాళ్లు ఒక్కసారికి మామూలుగా ఆరు నెలలు ఉండొచ్చు. దిగిన రోజు నుంచే వంటింటి క్యాలెండర్ మీద లెక్క మొదలవుతుంది. ఇన్ని శనివారాలు, ఇన్ని ఆదివారాలు, మే నెలలో రెండు సోమవారాలు సెలవు, ఆగస్టు చివరి సోమవారం ఇంకోటి. మొత్తం కలిపినా యాభై అయిదో, అరవయ్యో. అందులో వానకు పోయేవి, కోడలికి ఆసుపత్రిలో డ్యూటీ పడేవి తీసేస్తే మిగిలేవెన్ని? అందుకే ఆ పులిహోర హడావుడి.

వారమంతా నిశ్శబ్దం

షికార్ల ఫొటోలు ఊరికి వాట్సప్‌లో చేరతాయి. ఫొటోలకు ఎక్కనివి మిగిలిన ఐదు రోజులు. ఎనిమిదిన్నరకల్లా ఇల్లు ఖాళీ. పిల్లలు బడికి, పెద్దవాళ్లు పనికి. తలుపు తీస్తే వీధిలో మనిషి కనిపించడు. పాలవాడు రాడు, కూరలబండి రాదు, పక్కింటావిడ పిలవదు. ఏ వారం ఏ రంగు చెత్తడబ్బా గుమ్మం ముందు పెట్టాలన్నదే ఇంట్లో పెద్ద చర్చ. కొండూరులో పదిమందిని పలకరిస్తే తప్ప పొద్దుపోని మనిషికి ఇదొక కొత్త రకం ఉపవాసం.

ఊళ్లో ఫోను ఎత్తేవాళ్లు ఉండాలంటే మధ్యాహ్నం లోపే చేయాలి. వేసవిలో మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా. చలికాలంలో అయిదున్నర. ఇక్కడ భోజనం వేళకు అక్కడ సాయంత్రం కాఫీ. పొద్దు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే. దీపాలు పెట్టే వేళ ఎప్పుడో తెలియక నాయనమ్మ గడియారం చూసి దేవుడి దగ్గర దీపం వెలిగించడం అలవాటు చేసుకుంది.

సాయంత్రాలు ఇద్దరూ నది వైపు నడుస్తారు. రెడింగ్ దగ్గర కెన్నెట్ నది వచ్చి థేమ్స్‌లో కలుస్తుంది. మన లెక్కన సంగమం. గట్టు వెంట చెక్క బెంచీలు. కొన్నిటి మీద చిన్న ఇత్తడి రేకు, దానిమీద ఏవో అక్షరాలు. పాప చదివి చెప్పింది. ఫలానా ఆయన జ్ఞాపకార్థం, ఆయనకు ఈ చోటంటే ఇష్టం అని రాసుందట. తాతయ్యకు వెంటనే అర్థమైంది. మన బస్ షెల్టర్ల మీద ‘కీ.శే.’ అని రాసి ఉండదూ, అలాంటిదే ఇదీ. ఆ రోజు నుంచి ఆయన బెంచీ మీద ఊరికే కూర్చోలేదు. ముందు పేరు చదివించుకుని, ఆ తర్వాత కూర్చునేవారు.

చూడాల్సినవన్నీ

మొదటి నెలలో అందరూ చూసేవే చూస్తారు. లండన్‌లో రాణుల, రాజుల భవనాలు, థేమ్స్ ఒడ్డున 2000లో తిరగడం మొదలుపెట్టిన పెద్ద చక్రం, ఆ తర్వాత విండ్సర్ కోట. కోట గోడల పక్కన నిలబడితే హీత్రూ విమానాలు తల మీద నుంచే వరసగా వెళ్తుంటాయి. బాబు వాటి తోకలు చూసి ఏది ఏ దేశానిదో చెబుతాడు.

కాట్స్‌వోల్డ్స్ కొండల్లోని బోర్టన్ ఆన్ ది వాటర్ మనవాళ్లకు బాగా నచ్చే ఊరు. ఊరి మధ్యలో మోకాలి లోతు ఏరు, దానిమీద పొట్టి రాతి వంతెనలు, తేనెరంగు రాళ్ల ఇళ్లు. అదే ఊరికి తొమ్మిదో వంతు కొలతతో కట్టిన బుల్లి ఊరు కూడా అక్కడే ఉంది. 1937 నుంచి జనం చూస్తున్నారు. ఏటి ఒడ్డున గడ్డి మీద దుప్పటి పరిచి పులిహోర డబ్బా తెరిస్తే, నాలుగు గజాల అవతల ఇంకో దుప్పటి మీద నుంచి తెలుగు మాటలు వినిపిస్తాయి. ‘మీదే ఊరండీ?’ దగ్గర మొదలై గోంగూర మార్చుకోవడం దాకా వెళ్లడానికి పావుగంట చాలు.

స్టోన్‌హెంజ్ దగ్గర మాత్రం తాతయ్య అంతగా ఆశ్చర్యపోలేదు. నాలుగున్నర వేల ఏళ్లనాటి రాళ్లంటే గొప్పే. కానీ నిలువు బండల మీద అడ్డబండ పెట్టిన కట్టడాలను మనవైపు రాక్షసగుళ్లు అంటారుగా. మన దగ్గర వాటి పక్కనే మేకలు మేస్తుంటాయి, ఇక్కడ తాడు కట్టి టిక్కెట్టు పెట్టారు. తేడా అంతే అన్నారాయన.

గుడి లేకుండా షికారు పూర్తికాదు. బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్‌లో 2006లో ప్రతిష్ఠ జరిగిన బాలాజీ ఆలయం ఇంగ్లండులోని తెలుగువారికి చిన్న తిరుపతి. రెండు గంటలు కారు నడిపి వెళ్తారు. దర్శనం, ప్రసాదం, పిల్లల పరుగులు. నాయనమ్మ ఆ రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. వారం రోజుల మాటలు ఒక్కసారే బయటపడతాయి.

డబ్బిచ్చి కోసుకునే కాయలు

జూన్, జూలై నెలల్లో ఇంగ్లండు పల్లెల్లో ఇంకో సరదా ఉంది. స్ట్రాబెర్రీ తోటల్లోకి వెళ్లి ఎవరి పండ్లు వాళ్లే కోసుకోవచ్చు. కొన్ని తోటల్లో లోపలికి వెళ్లడానికే రుసుము. ఆపైన కోసుకున్నదానికి తూకం లెక్క. ఆ ముందు తిన్నవాటికి లెక్క లేదు కాబట్టి పిల్లల మూతులన్నీ ఎర్రగా ఉంటాయి.

తాతయ్యకు ఇది అంతుపట్టలేదు. మామిడి రైతుకు కోత అంటే ఖర్చు. కూలీలు, చిక్కాలు, ట్రాక్టరు బాడుగ. ఇక్కడ కోసేవాడే రైతుకు డబ్బిస్తున్నాడు! మొదట నవ్వారు. తర్వాత సాళ్ల మధ్య గడ్డి ఎలా పరిచారో వంగి చూశారు, నీటి గొట్టం ఎటు నుంచి వచ్చిందో వెతికారు. బాబు చేతిలో బుట్ట పట్టుకుని వచ్చి, తన జీవితంలో మొదటిసారి చెట్టు నుంచి పండు కోశానని చెప్పాడు. అక్కడ ఆయన నవ్వు ఆగింది.

ఆరేళ్ల పిల్లాడు. తాతకు మామిడి తోట. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు. అయినా వాడు మొదట కోసింది స్ట్రాబెర్రీ.

కారణం ఎవరి తప్పూ కాదు, రెండు క్యాలెండర్ల తప్పు. ఇంగ్లండు బడులకు పెద్ద సెలవులు జూలై చివర మొదలై ఆరు వారాలుంటాయి. అప్పటికి కొండూరు తోటల్లో కాయ ఉండదు. సంక్రాంతి జనవరిలో, అప్పుడు బడి. ఆవకాయ ముక్కలు కొట్టే మే నెల, అప్పుడూ బడే. మధ్యలో మానిపించి తీసుకొద్దామంటే జరిమానా. ఇంగ్లండులో 2024 ఆగస్టు నుంచి అమలైన నిబంధన ప్రకారం అనుమతి లేకుండా ఐదు రోజుల బడి పోతే ఒక్కో పిల్లకు, తల్లికి 80 పౌండ్లు, తండ్రికి 80 పౌండ్లు వేయొచ్చు. మూడు వారాల్లో కట్టకపోతే అది రెట్టింపవుతుంది. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఇది 320 పౌండ్లు, ఆలస్యమైతే 640. వందతో హెచ్చవేయడం వచ్చిన తాతయ్యకు ఆ లెక్క ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

తన సంగతీ అంతే. మనవల్ని చూడాలని వేసవికి వచ్చారంటే ఆ ఏడు తోటను ఆయన చూడనట్టే. పూత మీదే గుత్తకిచ్చేసి విమానం ఎక్కాలి. ధర ఎంత పలికినా, ఎంత పడిపోయినా ఫోన్లో వినడమే.

అక్కడ కనిపించిన కృష్ణ

మూడో నెలకు షికార్ల రంగు మారుతుంది. కోటలు, తోటలు అయిపోయాక పెద్దవాళ్లు తమ సొంతవి వెతుక్కోవడం మొదలుపెడతారు. ఒక ఆదివారం రైలెక్కి బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లారు. ప్రవేశం ఉచితం. పిల్లలు ఈజిప్టు మమ్మీల వైపు లాగారు. అవి చూశాక, దక్షిణాసియా గది చివర అద్దాల వెనకున్న గదిలోకి అడుగుపెడితే ఎదురుగా అమరావతి.

పల్నాటి సున్నపురాయి మీద పూర్ణకుంభాలు, తామరలు, వంగి మొక్కుతున్న మనుషులు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వకాలతో బయటపడిన శిల్పాలు మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరాయి. 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. విజయవాడ నుంచి అమరావతికి ఎన్నోసార్లు వెళ్లిన తాతయ్య అక్కడ చూసింది ఎక్కువగా మట్టిదిబ్బే. దానిమీద ఉండాల్సినవి ఇక్కడున్నాయి. నాయనమ్మ చేతులు జోడించింది. పాప మాత్రం సూటిగా అడిగింది, ఇవి మనవైతే ఇక్కడెందుకున్నాయని. కొడుకు చాలాసేపు వివరించాడు. పాపకు జవాబు నచ్చినట్టు లేదు.

రెడింగ్‌కు దగ్గర్లోనే బాసిల్డన్ పార్క్ అనే భవంతి ఉంది. బెంగాల్లో కంపెనీ కొలువు చేసి సంపాదించిన ఫ్రాన్సిస్ సైక్స్ 18వ శతాబ్దంలో కట్టించుకున్నాడు. ఇప్పుడు జనం టీ తాగడానికి, పచ్చిక మీద పిల్లల్ని ఆడించడానికి వెళ్తారు. అలా అక్కడి షికార్లలో మన దేశం ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది.

ఇంకో శనివారం డార్కింగ్. రెడింగ్ నుంచి నేరుగా రైలుంది. ఆ ఊరి శ్మశానవాటికలో సర్ ఆర్థర్ కాటన్ సమాధి ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి గోదావరి జిల్లాల గతి మార్చిన ఇంజనీరు. విజయవాడ దగ్గర కృష్ణ మీద 1855లో పూర్తయిన ఆనకట్టకూ ఆయన పట్టుదలే మూలం. 1899 జూలైలో డార్కింగ్‌లోనే కన్నుమూశాడు. ఇంగ్లండు వెళ్లిన తెలుగువాళ్లు వెతుక్కుంటూ వచ్చి అక్కడ పూలు పెట్టి వెళ్తుంటారు.

తాతయ్య కూడా పూలు పెట్టారు. కాటన్ పుణ్యమా అని పారిన నీళ్లు డెల్టాకు వెళ్లాయి కానీ కొండూరు మెట్టకు ఎక్కలేదు. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు. అయినా నీళ్ల కోసం పాటుపడ్డ మనిషి ఎవరికిచ్చినా ఇచ్చినట్టేనని ఆయన లెక్క. కుళాయి గ్లాసు పట్టుకుని నిలబడ్డ రోజు ఎలా ఉన్నారో, సమాధి దగ్గరా అలాగే ఉన్నారు.

ఉండిపోవచ్చుగా?

ఈ మాట నాయనమ్మ నోటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పెద్దవాళ్లను శాశ్వతంగా తెచ్చుకునే దారిని బ్రిటన్ 2012 జూలైలో బాగా ఇరుకు చేసింది. రోజువారీ పనులకు కూడా ఇంకొకరి సాయం కావాలి, ఆ సాయం సొంత దేశంలో డబ్బు పెట్టినా దొరకదని రుజువు చేయాలి. తోటలో చెట్టెక్కగల తాతయ్యకు ఆ తలుపు తెరుచుకోదు. అంటే తెచ్చుకోవాలంటే వాళ్లు ముందు మంచాన పడాలి. ఏ బిడ్డ అలా కోరుకుంటాడు?

పిల్లల కాపురమూ గట్టి నేల మీద ఉందనుకోవడానికి లేదు. వీసాతోపాటు కట్టే ఆరోగ్య రుసుము 2024 ఫిబ్రవరి నుంచి పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లయింది. నలుగురున్న ఇంటికి ఏడాదికి 3,622 పౌండ్లు, అదీ వీసా కాలానికంతా ముందే కట్టాలి. స్థిరనివాసానికి ఐదేళ్లు చాలన్న నమ్మకంతో వెళ్లినవాళ్లు ఎందరో. 2025 మేలో వచ్చిన శ్వేతపత్రం దాన్ని చాలామందికి పదేళ్లు చేయాలని ప్రతిపాదించింది. ఆ వార్త వచ్చిన రాత్రి చాలా తెలుగు ఇళ్లలో దీపాలు ఆలస్యంగా ఆరి ఉంటాయి. ‘వచ్చేయండి’ అనలేరు పెద్దవాళ్లు. ‘వచ్చేస్తాం’ అనలేరు పిల్లలు. మధ్యలో మళ్లీ శనివారం వస్తుంది. మళ్లీ పులిహోర.

ఒక్క చెట్టు

సెప్టెంబరు చివరికి చెట్ల ఆకులు రంగు తిరుగుతాయి. సాయంత్రాలు తొందరగా ముసురుకుంటాయి. నది గట్టు మీద బెంచీలు తడిగా ఉంటాయి. వచ్చేటప్పుడు పచ్చళ్లు మోసిన సూట్‌కేసులు వెళ్లేటప్పుడు చాక్లెట్లు, విటమిన్ మాత్రలు, ఊళ్లో ఎవరో అడిగిన బూట్లు మోస్తాయి. నాయనమ్మ వంటింటి అలమరలో సీసాల మీద కాగితం ముక్కలు అంటించింది. ఏది ముందు వాడాలో, దేంట్లో నూనె తగ్గితే పోయాలో అందులో రాసింది. బడిలో ఇంగ్లిషే చదువుకునే పాప, ఆ నాలుగు చీటీలు చదవడానికి ఆరు నెలల్లో అచ్చులు, హల్లులు నేర్చుకుంది.

హీత్రూ దారిలో తాతయ్య కొడుకుతో ఒకే ఒక్క మాట మాట్లాడారు. ఈస్టర్‌కు బడికి రెండు వారాలు సెలవు ఉంటుందిగా. అప్పటికి పండు ఉండదు కానీ కాయ ఉంటుంది. వచ్చే ఏడు తోట గుత్తకిచ్చేటప్పుడు బావి పక్కనున్న ఒక్క చెట్టు లెక్కలోంచి తీసేస్తానని చెప్పారు.

వెనక సీట్లో బాబు కిటికీలోంచి విమానాల తోకలు లెక్కపెడుతున్నాడు. పచ్చికాయ పుల్లగా ఉంటుందా అని అడిగాడు. ఉప్పూకారం అద్దుకుంటే బాగుంటుందని చెప్పింది నాయనమ్మ. స్ట్రాబెర్రీ బుట్ట తెచ్చుకోవాలా అంటే, అక్కర్లేదు, చొక్కా జేబు చాలంది.